డిపోలో దురదంతా బాబాయిదే

"మళ్ళీనా? పోయినసారి వచ్చి నాలుగు నెలలు కాలేదు కదయ్యా."

"రావద్దని దానికో ఉత్తరం రాసి ఉండాల్సింది సార్. మరచిపోయాను."

"వెటకారం ఆపి ముందు ఆ కుర్చీకి దూరంగా జరుగు. నిన్ననే కొత్త గుడ్డ వేయించాను."

"కూర్చోలేదు సార్. గజ్జి నా ఒంటికే గానీ నా మర్యాదకు కాదుగా."

"ఆ మాట కాస్త మెల్లిగా అనొచ్చుగా."

"మెల్లిగా అంటే మీ ఒక్కరికే తెలుస్తుంది సార్. పురుగు మీ ఒక్కరి దగ్గరే ఆగదు."

"నీ ఒంటి మీద ఉన్నది చర్మమా, సత్రమా? దారిన పోయే పురుగల్లా నీ దగ్గరే దిగుతుందేమిటి?"

"ఏదైతేనేం సార్. రెస్ట్ రూము మూయించండి. పద్దెనిమిది మందీ ఒక్కరోజే మందు పూసుకోవాలి. దుప్పట్లన్నీ మరిగే నీళ్ళలో పడాలి. డాక్టరమ్మకు కబురు పెట్టండి."

బస్సు డిపో మేనేజరు గది కిటికీ పక్కన చేతిలో ఉద్యోగపు కాగితం పట్టుకుని నిలబడ్డ కొత్త కండక్టరు ఇదంతా విన్నాడు. విని, పక్కనే టైర్లకు గాలి కొడుతున్న మనిషిని అడిగాడు.

"లోపల ఉన్నది ఎవరండీ?"

"దురద బాబాయి."

"అంటే?"

"అంటే నీ డ్రైవరు. బోర్డు మీద నీ పేరు ఆయన పక్కనే రాశారు, చూసుకోలేదా?" అని గాలి గొట్టం పీకి, కండక్టరు వంక జాలిగా చూశాడతను.

లోకంలో మనుషులు తమకున్నవి చెప్పుకుంటారు. ఇల్లుంటే ఇల్లు, బండి ఉంటే బండి, ఏమీ లేకపోతే మేనమామ పలుకుబడి. దురద బాబాయి మాత్రం తనకు గజ్జి ఉందని చెప్పుకునేవాడు. అడిగితే కాదు, అడక్కుండానే. ఎవరైనా "బాగున్నారా?" అంటే చాలు, "బాగున్నాను, గజ్జి ఒక్కటే" అనేవాడు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఒక్క ప్రమాదం చేయలేదు. దాని గురించి ఒక్కనాడూ ఎత్తేవాడు కాదు. గజ్జి గురించి మాత్రం బస్టాండు మైకులో చెప్పమన్నా చెప్పేవాడు.

కొత్త కండక్టరు కూడా తక్కువ తిన్నవాడేమీ కాదు. డిగ్రీ రెండో ఏడులో, "మీరు చెప్పేది పుస్తకంలోనే ఉంది కదండీ, అదేదో ఇంట్లో చదువుకుంటాను" అని లెక్చరరు ముఖం మీదే చెప్పి బయటికి వచ్చేశాడు. ఆ పుస్తకం ఇప్పటికీ తెరవలేదు. మూడేళ్ళలో ఐదు ఉద్యోగాలు మారాడు. అన్నిచోట్లా పని బాగానే చేశాడు, నోటితోనే చెడగొట్టుకున్నాడు. వారం కిందటి దాకా ఒక గోదాములో పెట్టెలు కట్టేవాడు. రేకుల షెడ్డులో పదిమందితో పాటు పడుకునేవాడు. ఇప్పుడు అక్కా బావల ఇంట్లో, ముందు గదిలో మంచం.

ఆ మధ్యాహ్నమే డాక్టరమ్మ వచ్చింది. రెస్ట్ రూమంటే డ్యూటీకీ డ్యూటీకీ మధ్య నడుం వాల్చే గది. పద్దెనిమిది మందికి ఎనిమిది మంచాలు; ఒకడు లేస్తే అదే దుప్పట్లో ఇంకొకడు దూరడం అక్కడి పద్ధతి. అందరూ చొక్కాల చేతులు పైకి మడిచి వరసలో నిలబడ్డారు. డాక్టరమ్మ ఒక్కొక్కరి వేళ్ళ సందులూ, మణికట్లూ, నడుమూ చూసుకుంటూ వెళ్ళి, ఒకరిద్దరి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగింది. బాబాయి చేతులు చూసి మాత్రం "ఊఁ" అని ఊరుకుంది. అందరికీ క్రీము రాసిచ్చింది.

"నువ్వూ రాయించుకో అబ్బాయ్," అన్నాడు బాబాయి, మొదటిసారి కండక్టరు వైపు చూసి.

"నేనా? నేనింకా మీ దుప్పటి కూడా ముట్టుకోలేదు. నాకెందుకండీ మీ గజ్జి మందు?" అన్నాడు కండక్టరు.

బాబాయికి కోపం రాలేదు. "సరే. ఎప్పుడైనా కావాలంటే చెప్పు," అని వెళ్ళిపోయాడు, టీ కావాలంటే చెప్పు అన్నంత తేలిగ్గా.

మర్నాటి నుంచి ఇద్దరిదీ ఒకే బస్సు. మూడో రోజు, బస్సు ఖాళీగా తిరిగి వస్తున్నప్పుడు, కండక్టరు ఉండబట్టలేక అడిగేశాడు.

"బాబాయ్, మీకు సిగ్గనిపించదా?"

"దేనికి?"

"గజ్జి ఉందని అందరికీ చెప్పుకోడానికి."

"జలుబు చేస్తే చెబుతావా నువ్వు?"

"చెబుతాను."

"అది ముక్కులో ఉంటుంది, ఇది వేళ్ళ సందుల్లో ఉంటుంది. అడ్రసు మారింది, అంతే కదా."

ఆ తర్వాత గేరు మార్చి, విషయంలోకి దిగాడు. దిగితే ఇక బాబాయికి స్టాపులు ఉండవు.

"కంటికి సరిగా ఆనని పురుగురా అది. చర్మం పైపొరలో సొరంగం తవ్వుకుని గుడ్లు పెడుతుంది. మొదటిసారి వచ్చినవాడికి నాలుగైదు వారాల దాకా దురదే తెలియదు. బస్సు ఎక్కినవాళ్ళంతా సర్దుక్కూర్చున్నాక అప్పుడు హారన్ కొట్టినట్టన్నమాట. ఈలోపు వాడు ఎంతమంది పక్కన పడుకున్నాడో అందరికీ ఒక్కో టిక్కెట్టు చింపి ఇచ్చేసి ఉంటాడు. చెయ్యి కలిపినంత మాత్రాన రాదు. ఒళ్ళూ ఒళ్ళూ ఆనుకుని కాసేపు ఉండాలి, లేదా ఒకే పక్క మీద పడుకోవాలి."

"స్నానం చేయనివాళ్ళకే వస్తుందంటారు?"

"అన్నవాడెవడు? రోజుకు మూడుసార్లు స్నానం చేసేవాడికీ వస్తుంది. శుభ్రంగా వస్తుంది."

కండక్టరుకు నవ్వొచ్చింది గానీ, ఆ సాయంత్రం చూసినదానికి మాత్రం నోరు తెరుచుకుని ఉండిపోయాడు. బాబాయి నెత్తి మీద ఒక పెద్ద అద్దం ఉంది. అందులో అందరు డ్రైవర్లూ జనాన్ని చూస్తారు. బాబాయి గోకుళ్ళను చూసేవాడు. యాభై మందిలో ఎవరు ఎక్కడ గోక్కుంటున్నారో, ఎందుకు గోక్కుంటున్నారో, ఎదర రోడ్డు మీంచి చూపు పెద్దగా మరల్చకుండానే పసిగట్టేవాడు.

"నాలుగో వరసలో కళ్ళద్దాలాయన. మణికట్టు. గడియారం స్టీలు పట్టీ పడట్లేదు. టిక్కెట్టు ఇచ్చేటప్పుడు తోలు పట్టీ వేసుకోమని చెప్పు."

కండక్టరు వెళ్ళి చెప్పాడు. ఆయన గడియారం విప్పి చూసుకుంటే పట్టీ ఉన్నంత మేరా ఎర్రగా, చుట్టూ కంకణం కట్టినట్టుంది.

"వెనక సీట్లో పెద్దావిడ. పిక్కలు. చర్మం ఎండిపోయింది. సలసల కాగే నీళ్ళు పోసుకోవద్దను. గోరువెచ్చటి నీళ్ళతో చేసి, తుడుచుకున్న వెంటనే నూనె గానీ వాజ్‌లైను గానీ రాయమను."

"మెట్ల దగ్గర నిలబడ్డాయన. చెవుల వెనక, నుదురు మీద. జుట్టుకు వేసుకున్న రంగు. రంగు మానేసి చర్మం డాక్టరుకు చూపించమను."

"ఆ చివరిది నేను చెప్పను బాబాయ్. కొడతాడు."

"అయితే నేనే చెబుతాలే," అని తర్వాతి స్టాపులో బస్సు ఆపి, దిగుతున్న ఆయనకు బాబాయి కిటికీలోంచి చెప్పేశాడు. ఆయన కొట్టలేదు. పదిహేను రోజుల తర్వాత పొట్టిగా కత్తిరించిన తెల్ల జుట్టుతో ఎక్కి, డ్రైవరు సీటు దాకా వచ్చి దణ్ణం పెట్టి వెళ్ళాడు.

వీణ వాయించేవాళ్ళు తీగ విని స్వరం చెబుతారట. గోకుడు చూసి జబ్బు చెప్పేవాణ్ణి కండక్టరు ఆ బస్సులోనే చూశాడు. కాలేజీలో ఎవరూ అతనికి ఇంత ఆసక్తిగా ఏదీ చెప్పలేదు. అయితే బాబాయి మందు మాత్రం ఎవరికీ ఇచ్చేవాడు కాదు. "నేను హారన్ కొడతానంతే. బండి తీయాల్సింది డాక్టరు," అనేవాడు.

అంతటి విద్వాంసుడు తన విషయానికి వచ్చేసరికి మళ్ళీ మామూలే. ఒక మెకానిక్కు రిటైరవుతుంటే డిపోలో సభ పెట్టారు. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్ద ఆఫీసరు వరసగా అందరినీ కౌగిలించుకుంటూ బాబాయి దాకా వచ్చాడు.

"కౌగిలి వద్దు సార్, నాకు గజ్జి. చెయ్యి కలపండి, పరవాలేదు," అన్నాడు బాబాయి, హాలు చివరి దాకా వినపడేలా.

ఆఫీసరు చెయ్యి కూడా కలపలేదు. గంట సేపు మాట్లాడదామని రాసుకొచ్చిన ఉపన్యాసం మూడు నిమిషాల్లో ముగించి కారెక్కాడు. మేనేజరు తల పట్టుకున్నాడు. మిగతావాళ్ళంతా మాత్రం బాబాయికి చాటుగా కృతజ్ఞతలు చెప్పుకున్నారు.

ఇలా ఒక నెల గడిచింది. అప్పుడు కండక్టరుకు దురద మొదలైంది.

మొదట చిటికెన వేలి సందులో. తర్వాత మణికట్టు, నడుం, బొడ్డు చుట్టూ. పగలు ఎలాగో ఓర్చుకునేవాడు. పక్క మీద ఒరిగితే చాలు, ఒళ్ళంతా చీమల దండు కవాతు చేసేది. టిక్కెట్ల మిషను అంచుతో గోక్కునేవాడు. డబ్బుల సంచి పట్టీతో గోక్కునేవాడు. నిండు బస్సులో కడ్డీకి వీపు ఆనించి, బస్సు గుంతల్లో పడ్డప్పుడల్లా కళ్ళు మూసుకుని హాయిగా నిట్టూర్చేవాడు. మందుల షాపులో అడిగి ఏదో ట్యూబు కొన్నాడు. అది రాస్తే నాలుగు రోజులు ఎరుపు తగ్గింది, ఐదో రోజు రెట్టింపుగా తిరగబడింది.

అందరి ముఖం మీదా ఏదైనా అనేసే మనిషికి ఈ ఒక్క మాట మాత్రం గొంతు దాటలేదు. కారణం బావ.

బావ టైల్స్ షాపులో పని చేస్తాడు. ఇంట్లో నేల మీద తన ముఖం కనిపించకపోతే మళ్ళీ తుడిపించే రకం. బావమరిదిని ఇంట్లో ఉండనిచ్చిందే అక్క నాలుగు రోజులు బతిమాలితే. పైగా, "ఏ ఉద్యోగంలోనూ నిలవనివాడు ఇంట్లో మాత్రం నిలుస్తాడు," అని రోజూ అన్నంలో ఉప్పులా ఆ మాట తగిలిస్తూనే ఉండేవాడు. ఇప్పుడు గజ్జి తెచ్చాడని తెలిస్తే పెట్టె రోడ్డు మీద ఉంటుంది. కండక్టరు పొడుగు చేతుల చొక్కాలు తొడుక్కుని, గుండీలు మణికట్టు దాకా పెట్టుకుని తిరిగాడు.

పెట్టె సంగతి అలా ఉంచితే, ఒక ఉదయం వంటింట్లో మాటలు వినపడ్డాయి.

"ఏమిటా గోకుడు? వారం నుంచి చూస్తున్నాను," అంటున్నాడు బావ.

"కొత్త సబ్బు పడినట్టు లేదండీ."

"సబ్బు నాకు పడింది, నీకెందుకు పడదు? ఎక్కణ్ణుంచి తగిలించుకొచ్చావో ఏమిటో. ఇవాళ్టి నుంచి నా పక్క వేరే వెయ్యి."

 అక్క గిన్నె కాస్త గట్టిగా పెట్టింది. ముందు గదిలో కండక్టరుకు దుప్పటి గుర్తొచ్చింది. వచ్చిన కొత్తలో తన పాత దుప్పటి అక్కకిచ్చి, అక్క దుప్పటి తను తీసుకున్నాడు. లేచి వెళ్ళి చెప్పేద్దామనుకున్నాడు. తలుపు దాకా వెళ్ళాడు కూడా. అక్కణ్ణుంచి డ్యూటీకి వెళ్ళిపోయాడు.

ఆ రోజు బస్సులో బాబాయి ఎవరి గోకుడు గురించీ ఏమీ చెప్పలేదు. అద్దాన్ని మాత్రం రెండుసార్లు సరిచేసుకున్నాడు.

ఆదివారం పొద్దున కాలింగ్ బెల్ మోగింది. బావ తలుపు తీశాడు. గుమ్మంలో ఖాకీ చొక్కాలో బాబాయి, చేతిలో ఒక కాగితం.

"నమస్కారం. మీ బావమరిది బస్సు డ్రైవర్ని. లోపలికి రాను, నాకు గజ్జి."

బావ రెండడుగులు వెనక్కి వేశాడు. ముందు గదిలో కండక్టరు గోడకు అతుక్కుపోయాడు.

"నా దుప్పటే మీవాడూ కప్పుకున్నాడు రెస్ట్ రూములో. నాకుందని ముందు చెప్పలేదు, నాదే పొరపాటు. వాడికి అంటించాను. వాడి ద్వారా మీ ఇంటికి వచ్చే ఉంటుంది. చెప్పి వెళదామని వచ్చాను."

"మీకు బుద్ధుందా?" అన్నాడు బావ.

"లేదండి."

"ఇంత వయసొచ్చింది, పది మంది మధ్య తిరిగే ఉద్యోగం, రోగం పెట్టుకుని ఒకరి పక్క మీద పడుకుంటారా?"

"తప్పేనండి."

"మా ఆవిడ వారం రోజులుగా నిద్ర లేక చస్తోంది. నేను ఆవిణ్ణి పట్టుకుని... అసలు మీలాంటివాళ్ళను..."

బావ పావుగంట తిట్టాడు. సందు చివరి వరకూ కిటికీలు తెరుచుకున్నాయి. బాబాయి చేతులు కట్టుకుని, తల కాస్త వంచి, సన్మాన పత్రం చదువుతుంటే నిలబడ్డవాడిలా నిలబడ్డాడు. బావకు ఆయాసం వచ్చి ఆగినప్పుడు మెల్లగా అందుకున్నాడు.

"ఇంట్లో ముగ్గురూ ఇవాళే డాక్టరమ్మకు చూపించుకోండి. అడ్రసు కాగితంలో ఉంది. దురద లేకపోయినా మీరూ చూపించుకోవాలి. ముగ్గురూ ఒక్కరోజే పూసుకోవాలి, మెడ కింది నుంచి అరికాళ్ళ దాకా, గోళ్ళ కింద కూడా. ఒకరు ఇవాళా ఒకరు రేపూ అంటే అది అటూ ఇటూ షటిల్ బస్సులా తిరుగుతుంది. పొద్దున్నే కడిగేసుకుని, వారానికి ఇంకోసారి. కట్టుకున్న బట్టలూ, పక్కబట్టలూ వేణ్ణీళ్ళలో. ఉతకలేనివి సంచిలో మూతి కట్టి వారం వదిలెయ్యండి."

"నేల? గోడలు? సీలింగు?" అన్నాడు బావ.

"వాటికి చర్మం లేదండి," అన్నాడు బాబాయి.

అయినా బావ సీలింగు కూడా తుడిపించాడు. కానీ అక్కను ఒక్క మాట అనలేదు. క్లినిక్కు నుంచి వచ్చాక ఆమె వీపుకు క్రీము తనే రాశాడు, టైల్సు మధ్య సందులు పూడ్చేంత శ్రద్ధగా. బావమరిదిని చూసి, "పాపం, నువ్వేం చేస్తావు, అలాంటివాడు దొరికాడు నీకు," అన్నాడు. ఆ ఇంట్లో తనను పాపం అనడం కండక్టరు వినడం అదే మొదలు.

రెండోసారి పూసుకున్నాక కూడా వారం రోజులు దురద పూర్తిగా పోలేదు. పురుగు చచ్చినా చర్మం మరచిపోవడానికి రెండు మూడు వారాలు పడుతుందని డాక్టరమ్మ చెప్పే పంపింది. ఆ మాట కండక్టరు చెవికెక్కలేదు. గోక్కుంటున్నకొద్దీ కోపం పెరిగింది. అనుకున్నది అనకపోతే అతనికి అన్నం సహించదు. సెలవు రోజు చూసుకుని బాబాయి ఇంటికే వెళ్ళాడు.

బాబాయి లేడు. పిన్ని వరండాలో బట్టలు మడతపెడుతోంది.

"మీ ఆయనతో ఒక మాట చెప్పాలి పిన్నీ. గజ్జి ఉన్నవాడు ఊళ్ళో చాటింపు వేసుకుంటే చాలదు, ఇంకొకరికి అంటించకుండా ఉండాలి. మా అక్క ఎంత అవస్థ పడిందో తెలుసా?"

పిన్ని మడత ఆపింది. "ఎవరికి గజ్జి? ఈయనకా?"

"మరి ఎవరికి?"

"కూర్చో. నీకు దురద ఎప్పుడు మొదలైంది?"

"పోయిన నెలాఖర్లో."

"అక్కణ్ణుంచి ఐదు వారాలు వెనక్కి లెక్కపెట్టు. అప్పుడు నువ్వెక్కడ పడుకుంటున్నావు?"

కండక్టరు వేళ్ళ మీద లెక్కపెట్టాడు. నాలుగో వేలు దగ్గర డిపోలో చేరిన రోజు వచ్చింది. ఐదో వేలు దగ్గర గోదాము వచ్చింది. రేకుల షెడ్డు, పదిమంది, నేల మీద పరుచుకున్న గోనెపట్టాలు, పక్కవాడు పొద్దస్తమానం గోక్కోవడం. అతను ఆ వేలు ముడవడం మానేసి అలాగే పట్టుకుని కూర్చున్నాడు. ఆయన దుప్పటి తను ఒక్కసారి కూడా కప్పుకోలేదని కూడా అప్పుడే గుర్తొచ్చింది.

"ఈయనకు దురద వచ్చింది ఒక్కసారే," అంది పిన్ని. "ఇరవై ఏళ్ళయింది. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు, నాకు కూడా. ఈయన పక్క నుంచి అప్పటి కండక్టరుకు అంటుకుంది. అతను గోక్కుంటుంటే నలుగురూ చూశారు. దుప్పటి తీసి గేటు బయట పారేశారు, ఎగతాళి చేశారు. అతను ఇంకో డిపోకు బదిలీ రాయించుకుని వెళ్ళిపోయాడు. ఈయన నోరు విప్పలేదు. అప్పట్నుంచి ఆ డిపోలో ఎవరికి దురదొచ్చినా తనకే వచ్చిందంటాడు. అసలువాడు వరసలో అందరితో పాటు నిలబడి మందు రాయించుకుంటాడు, ఎవరన్నది ఎవరికీ తెలియదు."

"డాక్టరమ్మకు?"

"ఆవిడకు తెలియకపోవడమేం? ఈయన చేతులు చూసి 'ఊఁ' అంటుంది."

"మరి మీరూరుకుంటారా పిన్నీ? అందరూ అంత మాట అంటుంటే?"

"మొదట్లో ఏడ్చాను. ఇప్పుడు అలవాటైపోయింది. మా చెల్లెలి ఇంటికెళ్తే మాకు వేరే మంచం వేస్తారు, ఎవరూ పక్కన పడుకోరు. హాయిగా ఉంటుంది."

కండక్టరు ఇంటికి తిరిగి వెళ్ళే దారిలో రెండు స్టాపులు దాటిపోయాక గానీ దిగాలని గుర్తు రాలేదు. లెక్చరర్లకు, ఐదుగురు యజమానులకు, మేనేజరుకు, ఎవరికీ భయపడని తను నాలుగడుగుల దూరంలో ఉన్న వంటింటి తలుపు తీయలేకపోయాడు. ఆ ముసలాయన ఊరి అవతలి నుంచి వచ్చి, తెలియని గుమ్మం ముందు నిలబడి, తనది కాని తిట్లు పావుగంట తిని వెళ్ళాడు.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని బావకు నిజం చెప్పేశాడు. గోదాము సంగతి, దాచిన సంగతి, అంతా. బావ ముద్ద ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు. అక్క నవ్వు ఆపుకోలేక మంచినీళ్ళకని లేచి వెళ్ళింది. బావ ముద్ద కంచంలోనే పెట్టేసి, "మరి ఆయన్ని నేను అన్ని మాటలన్నానే," అని మాత్రం అన్నాడు. పెట్టె ఎక్కడిదక్కడే ఉంది.

మర్నాడు పొద్దున బాబాయి బస్సు అద్దం తుడుస్తున్నాడు. కండక్టరు వెళ్ళి పక్కన నిలబడ్డాడు.  

"పిన్ని చెప్పింది," అన్నాడు.

"దానికి నోట్లో నువ్వు గింజ నానదు," అన్నాడు బాబాయి, తుడవడం ఆపకుండా. "దురద తగ్గిందా?"

"తగ్గింది. బావ మిమ్మల్ని భోజనానికి రమ్మన్నాడు."

"మంచం వేరే వేస్తాడేమో కనుక్కో." గుడ్డ పిండి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గించగలడని కండక్టరుకు ఆ రోజే తెలిసింది. "ఇదిగో, నీతో పనొకటుంది. వర్క్‌షాపులో ఒకడు వారం నుంచి గోక్కుంటున్నాడు. ఎవడని అడక్కు. ఇంట్లో కూడా చెప్పుకోలేక, పని మానేసి పోదామనుకుంటున్నాడు."

"మీరు చెప్పండి మరి, మామూలుగా."

"అదే చిక్కు. రెండు నెలల్లో రెండుసార్లు చెప్పాను. మళ్ళీ చెబితే పెద్దాసుపత్రికి పంపి ఒళ్ళంతా పరీక్ష చేయిస్తానన్నాడు మేనేజరు. పరీక్ష చేస్తే నాకేమీ లేదని తేలిపోతుంది."

కండక్టరు తన మణికట్టు గుండీ వంక చూసుకున్నాడు. విప్పి, చేతులు మోచేతుల దాకా మడుచుకున్నాడు.

"ఏం చెయ్యమంటారు బాబాయ్?"

"పెద్ద పనేం కాదు నాయనా. మేనేజరు ఇప్పుడే వచ్చాడు. వెళ్ళి, నాకు గజ్జి సార్ అని చెప్పు. గోక్కోకు, నటిస్తున్నావనుకుంటారు. కాస్త గట్టిగా చెప్పు, వర్క్‌షాపు దాకా వినపడాలి."